నాలుగు చెవుల వాక్‌మన్

కిందటేడాది ఏప్రిల్లో నేనూ, మా రూమ్మేటూ కలిసి అపలాచియన్ ట్రెయిల్ మొదటి ముప్ఫై మైళ్ళు నడిచాం. జార్జియాలో స్ప్రింగర్ కొండ దగ్గర్నుంచి నీల్ గ్యాప్ దాకా, మూడు రోజులు. బయల్దేరే ముందు ఇద్దరం బుద్ధిగా ఫోన్ల నిండా డౌన్‌లోడ్లు చేసుకున్నాం. నావి రెండు ఆడియో పుస్తకాలు, ఒక చరిత్ర పాడ్‌కాస్టు. వాడివి ఇళయరాజా పాటలు.

రెండో రోజు సాయంత్రం టెంటు వేస్తుంటే తట్టింది. పొద్దుట్నుంచీ మేమిద్దరం మాట్లాడుకున్నది "నీళ్ళున్నాయా?", "ఇంకెంత దూరం?" అంతే. అప్పటికి వాడి ఉద్యోగం పోయి నలభై రోజులు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి తెలిసిన లెక్కే, ఉన్న గడువు అరవై. అంటే వాడికి మిగిలింది ఇరవై రోజులు. అది తెలిసీ నేను పొద్దంతా రోమన్ల గురించి వింటూ కూర్చున్నా. సారీ, వింటూ నడిచా.

ఇంటికొచ్చాక, అసలీ చెవుల్లో పెట్టుకుని నడిచే అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చదవడం మొదలెట్టాను.

ఈ ట్రెయిల్ ఆలోచన 1921లో బెంటన్ మెక్కయ్ అనే ఆయనది. 1937కి దారి పూర్తయింది. జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా సుమారు 3,500 కిలోమీటర్లు. 1948లో ఎర్ల్ షాఫర్ మొత్తం దారిని ఒకే విడతలో నడిచి, అలా నడిచిన మొదటివాడిగా పేరు తెచ్చుకున్నాడు. అప్పటికి ట్రాన్సిస్టర్ రేడియోలే అమ్మకానికి లేవు. అమ్మకానికొచ్చిన మొదటి ట్రాన్సిస్టర్ రేడియో, రీజెన్సీ టీఆర్-1, 1954లో వచ్చింది. ధర దాదాపు 50 డాలర్లు. అది వచ్చినా కొండల మధ్య ఏం వినపడుతుంది? దొరికిన స్టేషనే వినాలి, నచ్చింది కాదు.

నచ్చింది వింటూ నడవడం అనే సంగతిలో ముందుగా చెప్పుకోవాల్సింది ఆండ్రియాస్ పావెల్ గురించి. నడుముకి కట్టుకునే స్టీరియో ఒకటి తయారుచేసి, 1972లో స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్ దగ్గర మంచు పడుతున్న అడవిలో మొదటిసారి నొక్కి చూశాడు. పక్కన స్నేహితురాలు కూడా ఉంది. గమనించండి, అది కూడా కొండల్లో నడకే, అదీ ఇద్దరి నడక. ఆ యంత్రం చేయమని కంపెనీల చుట్టూ తిరిగితే ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత సోనీతో ఏళ్ళ తరబడి పేటెంట్ గొడవ నడిచి, 2000 దశకం మొదట్లో కోర్టు బయట రాజీతో ముగిసింది.

ఆ సోనీ వాక్‌మన్ 1979 జూలై 1న జపాన్‌లో అమ్మకానికొచ్చింది. 33,000 యెన్‌లు, రెండు పెన్సిల్ బ్యాటరీలు. నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. ఆ మొదటి మోడల్‌కి హెడ్‌ఫోన్ రంధ్రాలు రెండు! పైగా 'హాట్‌లైన్' అని ఒక నారింజ రంగు మీట. అది నొక్కితే పాట గొంతు తగ్గి, లోపలి మైకు ద్వారా పక్కవాళ్ళ మాట వినపడుతుంది. సోనీ అధినేత అకియో మొరీటా నమూనాని ఇంటికి తీసుకెళ్ళి వింటుంటే, ఆవిడకి తనని దూరం పెట్టినట్టు అనిపించిందట. ఒక్కళ్ళే వినడం మర్యాద కాదనుకుని ఆయన ఈ రెండూ పెట్టించాడు.

జనం ఏం చేశారు? ఎవరి వాక్‌మన్ వాళ్ళు కొనుక్కున్నారు :) తర్వాతి మోడళ్ళలో హాట్‌లైన్ పోయింది, కొన్నాళ్ళకి రెండో రంధ్రమూ పోయింది. ఎవరూ వాడని ఫీచర్ని మనమూ అలాగే తీసేస్తాం కదా. డేటా ప్రకారం అది సరైన నిర్ణయమే.

ఆ తర్వాత జరిగిందంతా బరువు తగ్గించడమే. దూరం నడిచేవాళ్ళు టూత్‌బ్రష్ పిడి కోసుకుని గ్రాములు మిగుల్చుకునే రకం. క్యాసెట్లూ బ్యాటరీలూ వాళ్ళకి దండగ మోత. 2001 అక్టోబర్‌లో ఐపాడ్ వెయ్యి పాటల్ని జేబులోకి తెచ్చింది. 2004లో 'పాడ్‌కాస్ట్' అనే మాట పుట్టింది. ఇప్పుడు ఎలాగూ మ్యాపు కోసం మోసే ఫోన్లోనే అన్నీ ఉన్నాయి. అదనపు బరువు సున్నా. వద్దనుకోవడానికి ఉన్న చివరి కారణమూ పోయింది.

వినడం తప్పని నేననను. ఐదారు నెలలు ఒంటరిగా, వానలో, రోజంతా ఒకేలాంటి చెట్ల కింద నడిచేవాడికి ఒక గొంతు తోడుంటే తప్పేంటి? నా గొడవల్లా మనిషి తోడు పక్కనే ఉన్నప్పుడు సంగతి.

మూడో రోజు బ్లడ్ మౌంటెన్ ఎక్కుతుంటే వాడి ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. నా పవర్ బ్యాంక్ ఇవ్వబోతే, "వద్దులే మామా, నువ్వూ తీసెయ్" అన్నాడు. తీశాను. పైకెక్కి, దిగేలోపు రెండు గంటలు మాట్లాడాడు. ఇంటర్వ్యూలు వెతకడం వారం కిందటే ఆపేశాడట. టికెట్ కూడా కొనేశాడు. అమ్మకి ఎలా చెప్పాలన్నదే వాడి సమస్య. ఆ మాట చెప్పడానికే ఈ నడకకి రమ్మన్నాడు. నేనేమో రెండు రోజులు చెవులు మూసుకుని వాడి ముందు నడిచాను.

షాఫర్ గురించి ఒకటి చెప్పలేదు. ఆ దారిని అతను చిన్నప్పటి స్నేహితుడు వాల్టర్ వైన్‌మిల్లర్‌తో కలిసి నడవాలనుకున్నాడు. యుద్ధంలో, ఇవో జిమాలో ఆ స్నేహితుడు చనిపోయాడు. 1948లో అతను ఒంటరిగా నడవడం వెనక ఆ కథ ఉంది.

మావాడు ఇప్పుడు వైజాగ్‌లో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు. అప్పుడు మాత్రం రెండు చెవులూ వాడికే.