ఖాళీ సీసా మీది కాగితం

ఈ రోజు అరచేతిలో ఇమిడే ఒక చిన్న విస్కీ సీసా గురించి మాట్లాడుకుందాం. బడిపంతులుకు ఈ ప్రసంగం ఏమిటని నవ్వుకోకండి. నేను చెప్పబోయేది లోపలి సరుకు గురించి కాదు. సీసా గురించి, దాని మీద అంటించిన కాగితం గురించి.

విదేశాలకు వెళ్లివచ్చిన వాళ్ల ఇళ్లలో, అద్దాల బీరువాలో, బొమ్మల పక్కన ఈ సీసాలు మీరు చూసే ఉంటారు. పట్టేది 50 మిల్లీలీటర్లు. తపాలా బిళ్లల్లాగా వీటిని పోగుచేసేవాళ్లు లోకమంతా ఉన్నారు. నార్వే రాజధాని ఓస్లోలో 2003లో వీటికోసమే ఒక ప్రదర్శనశాల తెరిచారు. అందులో చేరినవి యాభై వేలకు పైమాటే. ఎక్కువమంది మోజుపడేది స్కాట్లాండు సింగిల్ మాల్ట్ సీసాల మీద. మొలకెత్తించిన బార్లీ గింజలతో, ఒకే బట్టీలో తీసి, కనీసం మూడేళ్లు ఓక్ చెక్క పీపాల్లో ఉంచిన విస్కీ అది.

సీసా వయసు కాగితమే చెబుతుంది. బ్రిటన్ సీసా మీద కొలత ఔన్సుల్లోనూ, ఘాటు 70 ప్రూఫ్ అనీ ఉంటే అది సుమారుగా 1980కి ముందుది. ఆ 70 ప్రూఫ్ ఇప్పటి లెక్కలో 40 శాతం. సీసాను పడుకోబెట్టకూడదు, సారం బిరడాను తినేస్తుంది. నిలబెట్టినా మన తిరుత్తణి ఎండకు మట్టం ఏటేటా కొద్దిగా తగ్గుతుంది. వెలుతురు తగిలితే కాగితం వెలిసిపోతుంది. అసలు ఆస్తి పోయినట్టే!

ఇంతకీ మన ఊళ్లకూ దీనికీ ఏమిటి సంబంధం? మద్రాసులో మెక్‌డొవెల్ అనే స్కాట్లాండు దొర పేరుతో 1826లో వెలిసిన కంపెనీ దొరలకు మద్యం, చుట్టలు దిగుమతి చేసి అమ్మేది. పల్లెల్లో తాగేది మాత్రం కల్లు, సారా. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. అప్పుడు తిరుత్తణి చిత్తూరు జిల్లాలోది. తిరువళ్లూరు చెంగల్పట్టు జిల్లాలోది. అరక్కోణంలో బండి మారితే చేరుకునే దూరం. ఇక్కడ కల్లుకుండ నేరం, అక్కడ దుకాణం తెరిచే ఉంది. భాషల పేరుతో గీత గీయకముందే మన మధ్య మద్యం పేరుతో ఒక గీత ఉండేదన్నమాట.

యుద్ధం మధ్యలో ఆ చట్టాన్ని ఆపారు. 1948లో మద్రాసు రాష్ట్రమంతటా నిషేధం వచ్చింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1971లో తమిళనాడు నిషేధాన్ని ఎత్తేసింది, 1974లో మళ్లీ పెట్టింది, 1981లో మళ్లీ సడలించింది. 1983లో టాస్మాక్ పుట్టింది. ఈ తిప్పలన్నీ పిల్లలకు చెబితే పరీక్షకు వస్తాయా సార్ అని అడుగుతారు.

తర్వాతి మలుపు సరిహద్దుకు అటువైపు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1992 నాటికి ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. ఆంధ్రలో 1993లో సారా పోయింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ రెండేళ్లూ దుకాణాలు మన వైపు, దాహం నగరి వైపు. 1938 నాటి లెక్క సరిగ్గా తిరగబడింది. పొరుగు రాష్ట్రాల సరుకు దొంగదారిలో ఆంధ్రకు చేరడం ఆ నిషేధం విఫలం కావడానికి ఒక కారణం. కూలిడబ్బులు తాగుడుకే పోయే ఇంటి ఇల్లాలికి ఖాళీ సీసా అలంకార వస్తువు కాదని వేరే చెప్పాలా?

నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. ఎక్కడో స్కాట్లాండులో నింపిన సీసా మన బీరువాలో భద్రంగా ఉంది. కాని ఈ గీతను రెండువైపులా దాటిన మన క్వార్టర్ సీసా ఏదీ? పాతసామాన్లవాడి బస్తాలోకి పోయింది, కరిగిపోయింది. కల్లుకుండకైతే పెంకు కూడా మిగల్లేదు. షోకేసు ఉన్నవాళ్ల చరిత్రే మిగిలింది.

అందుకే మీలో సేకరణ అలవాటు ఉన్నవాళ్లకు ఒక మనవి. పాత క్వార్టర్ సీసా దొరికితే, ఏ రాష్ట్రంలో అమ్మకానికని ముద్రించారో చూడండి. ఆ సీసా దొరికిన ఊరు అదే రాష్ట్రంలో ఉందా? లేకపోతే మీ చేతిలో ఉన్నది మంచి ఆధారమే. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కాగితం మెల్లగా ఊడివస్తుంది. నీడలో ఆరబెట్టి, నోటుపుస్తకంలో అంటించి, దొరికిన ఊరు, సంవత్సరం పక్కన పెన్సిలుతో రాయండి. సిరా అయితే చెమ్మకు పాకుతుంది. సెలవు.