తెలుగు తైలచిత్రకళలో ప్రకృతి: గోదావరి గట్టు నుంచి నైరూప్యం దాకా

చెట్టును చెట్టులా, ఏటిని ఏరులా గీయకుండా వాటి రంగు, వెలుగు, కదలికలను మాత్రమే కాన్వాసు మీదికి తెచ్చేది నైరూప్య ప్రకృతి చిత్రం. తెలుగు చిత్రకారులు 1960ల నుంచి ఈ దారి పట్టారు. అంతకు నలభై ఏళ్ల ముందే రాజమండ్రిలో దీనికి నేల సిద్ధమైంది. అక్కడివారు నైరూప్యం జోలికి పోలేదు. కళ్లెదుటి నదిని చూసి బొమ్మ వేయడం అలవాటు చేశారు.

నది ఒడ్డున తొలి పాఠాలు

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి డెల్టాలోకి దిగుతుంది. వేసవిలో ఇసుక తిన్నెల నడుమ తేటగా పారే నీరు, వరద రాగానే ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. ఇంత సరుకు ఎదురుగా ఉన్నా, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తెలుగు ఇళ్ల గోడల మీద ఎక్కువగా కనిపించినవి రవివర్మ అచ్చు పటాలే.

1909 నుంచి 1919 వరకు రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన చేరదీసిన కుర్రవాళ్లే. 1897లో రాజమండ్రిలో పుట్టిన దామెర్లను 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరేలా ప్రోత్సహించింది కూల్డ్రేనే. అక్కడ దామెర్లకు ఐరోపా పద్ధతి శిక్షణ దొరికింది. అజంతా గోడల గీత ఎలాగూ మనసులో ఉంది. ఆ రెండూ కలిసిన చేతితో ఊరికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టారు. ‘నందిపూజ’, ‘కార్తీక పౌర్ణమి’, ‘పుష్పాలంకరణ’ వంటి చిత్రాల్లో గోదావరి సీమ మనుషులు కనిపిస్తారు. నదిని, కొండలను విడిగానూ చిత్రించారు.

1925 ఫిబ్రవరిలో, 28 ఏళ్లైనా నిండకుండా, మశూచి ఆయన్ను తీసుకుపోయింది. భార్య సత్యవాణి కూడా చిత్రకారిణి. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాల బాధ్యతను భుజాన వేసుకుని శిష్యులను తయారుచేశారు.

తైలవర్ణం ఇచ్చిన వెసులుబాటు

రంగు పొడిని అవిసె నూనెతో నూరితే తైలవర్ణం అవుతుంది. గాలి తగిలి ఆ నూనె గట్టిపడడానికి రోజులు పడుతుంది. ఈలోగా తడి రంగులో తడి రంగు కలపవచ్చు. కత్తితో గీకి అడుగు పొరను బయటపెట్టవచ్చు, నచ్చకపోతే దాని మీదే మళ్లీ వేయవచ్చు. నీటిరంగులో ఒకసారి పడిన మరకను దిద్దుకోవడం కష్టం. ఆకారం వదిలేసి రంగుతోనే బొమ్మ కట్టాలనుకున్నవారికి తైలం నచ్చడానికి ఇదొక కారణం.

మద్రాసు, కాశీ దారులు

నైరూప్యం తెలుగువారికి ఒక దారిలో మద్రాసు మీదుగా వచ్చింది. 1936లో కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసు చిత్రకళాశాలలో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ దగ్గర చదివారు. 1962లో కామన్‌వెల్త్ ఉపకారవేతనంతో లండన్ స్లేడ్ స్కూల్‌కు వెళ్లి, ఆ తర్వాత అమెరికా చేరి చికాగోలో స్థిరపడ్డారు. ఆయన నైరూప్య చిత్రాల్లో బొమ్మను నడిపేది రంగే. 2001లో పద్మశ్రీ అందుకున్నారు.

రెండో దారి కాశీ నుంచి. ఎం.ఎఫ్. హుస్సేన్‌తో కలిసి 1960లో కాశీ వెళ్లిన ఢిల్లీ చిత్రకారుడు రాంకుమార్ కాన్వాసుల్లోంచి క్రమంగా మనుషులు తప్పుకున్నారు. మెట్లు, ఇళ్లు, నీరు రంగు పలకలుగా మారాయి. దామెర్ల ముందున్నదీ నదీతీరమే, రాంకుమార్ ముందున్నదీ నదీతీరమే. ఒకరు మనుషులను ఉంచారు, మరొకరు తీసేశారు.

ఢిల్లీలో రాంకుమార్ దగ్గర మెళకువలు నేర్చుకున్న సూర్యప్రకాశ్ 1940లో మధిరలో పుట్టారు. మొదట తుప్పుపట్టిన కార్ల తుక్కును చిత్రించారు. తర్వాత ఎండుటాకులు, అడవులు, తామర కొలనుల వైపు మళ్లారు. దగ్గర నుంచి చూస్తే రంగు మచ్చలే. నాలుగడుగులు వెనక్కి వేస్తే నీటిలో చెట్ల నీడ తేలుతుంది. ఫ్రాన్స్‌లోని జివెర్నీ తోటలో మోనే చిత్రించిన కలువల కొలను గుర్తుకొస్తుంది. ఇది పూర్తి నైరూప్యం కాదు, దాని అంచు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో చాలాకాలం ఆస్థాన చిత్రకారుడిగా పనిచేసి 2019లో కన్నుమూశారు.

ఈ చరిత్రను మొదటినుంచి చూడదలచినవారు రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రశాలతో మొదలుపెట్టడం మంచిది. ఆయన చిత్రాలు, స్కెచ్‌లు అక్కడ భద్రంగా ఉన్నాయి.