సదస్సు పత్రం: బోధన్ చక్కెర చరిత్ర ఉదాహరణగా

చరిత్ర సదస్సులో పత్ర సమర్పణకు సాధారణంగా పది, పదిహేను నిమిషాలకు మించి సమయం దొరకదు. 'బోధన్ చక్కెర పరిశ్రమ చరిత్ర' అని శీర్షిక పెట్టుకున్న విద్యార్థి నిజాంసాగర్ కట్ట దాటకముందే అధ్యక్షులు గడియారం చూపిస్తారు. పత్రానికి అంశం ఒక్కటే చాలదు, ఒక ప్రశ్న కావాలి.

మంజీర నదిపై నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారాన్ని 1937లో స్థాపించారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టగానే 'నీరు వచ్చింది, అందుకే ఫ్యాక్టరీ వచ్చింది' అని రాయాలనిపిస్తుంది. కానీ ముందు జరిగినదల్లా కారణం కాదు. కాలువ నీటితో వరి కూడా పండుతుంది కదా, మరి చెరకు వైపు మొగ్గు ఎందుకు? బ్రిటిష్ ఇండియాలో 1932 నాటి చక్కెర పరిశ్రమ రక్షణ చట్టం తరువాత మిల్లులు వేగంగా పెరిగాయి. ఆ ప్రభావం హైదరాబాద్ సంస్థానంపై ఎంత? కోస్తా జిల్లాల నుంచి వచ్చి 'క్యాంపు'ల్లో స్థిరపడిన రైతుల పాత్ర ఎంత? వీటిలో ఒక్కదానినే ఎంచుకోండి. మిగిలినవి చర్చలో ఎలాగూ వస్తాయి.

చూపించడానికి ఒక పటం చాలు: కాలువలు, చెరకు గ్రామాలు, ఫ్యాక్టరీ. కోసిన చెరకు ఆలస్యమైన కొద్దీ అందులోని చక్కెర తగ్గిపోతుంది. కనుక మిల్లు పొలాలకు దగ్గరగా ఉండాలి, రైతు కూడా పంటను దాచుకుని ధర కోసం ఎదురుచూడలేడు. మిల్లుకూ రైతుకూ మధ్య బేరంలో ఎవరిది పైచేయో ఆ పటం చూస్తే అర్థమవుతుంది.

ఈ ఫ్యాక్టరీలో మెజారిటీ వాటా 2002లో ప్రైవేటు పరమైంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. నిజామాబాద్‌లోనో, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలోనో ఈ పత్రం చదివితే, ఆ ఫ్యాక్టరీ జీతంతో పెరిగినవారు ఎదురుగా కూర్చుని ఉండవచ్చు. 'స్వర్ణయుగం' అన్న మాట వాడితే, ఎవరికి అని వారు అడుగుతారు. పర్మినెంటు కార్మికుడికా, క్రషింగ్ సీజనుకు మాత్రమే పిలిచే కూలీకా? సమాధానం లేకపోతే ఆ మాట తీసేయడమే మంచిది.

ప్రశ్నల సమయాన్ని చాలామంది పరీక్షలా భావించి భయపడతారు. నిజానికి ప్రాంతీయ చరిత్రలో కొత్త ఆధారాలు దొరికేది అప్పుడే. 'మా నాన్న అక్కడే పనిచేసేవారు' అని ఎవరైనా అంటే వాదనకు దిగకుండా, సభ ముగిశాక వారిని కలవండి. చెరకు తూకం చీటీ, జీతం కాగితం, పాత ఫోటో వంటివి వారి ఇంట్లో ఉండవచ్చు. చూపిస్తే అనుమతి తీసుకుని నకలు చేసుకోండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ ఇచ్చారో ఆ రోజే రాసి పెట్టుకోండి.