ఇత్తడి గిన్నెకు కళాయి

ఇంటి సామగ్రిని పదికాలములపాటు నిలుపుకొను విద్య మనకు క్రొత్త కాదు. కళాయియే ఇందుకు నిదర్శనము. రాగి, ఇత్తడి పాత్రలలో చింతపండు పులుసు నిలువయున్నచో లోహము కరగి అందులో కలియును. పాత్ర అరుగును, రుచి చెడును, ఆరోగ్యమునకును హాని కలుగును. తగరపు పూత రుచిని కాపాడి చిలుమును ఆపునని, క్రీ.శ. 79లో మరణించిన రోమను పండితుడు ప్లినీ తన గ్రంథమున వ్రాసినాడు.

మన వీధులలో కళాయివారు కొలిమి పెట్టి, గిన్నెను కాచి, నవాసాగరముతో మకిలి తొలగించి, 232 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగెడి తగరమును దూదితో లోపలంతయు పులిమెడివారు. పూత అరిగినచో మరల పూత వేయింతుము. గిన్నె మాత్రము అదియే. అందుచేతనే అత్త వండిన గిన్నెలో కోడలును, మనుమరాలును వండగలిగిరి.

1913లో ఇంగ్లండునందలి షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారుచేసినాడు. అట్టి ఉక్కు మన వంటయిండ్లలో చేరిన పిదప కళాయివారి కేక అరుదయ్యెను. అయినను వారి పనిలోని నీతి పాతబడలేదు. అరిగెడి భాగమును మార్చుకొన వీలున్న వస్తువే తరతరములు నిలుచును. కావున వస్తువు కొనునప్పుడు, ధరతోపాటు దానిని బాగుచేయువారు దొరకుదురా అనియు విచారించుదము.