జావాస్క్రిప్ట్‌లో ప్రాపర్టీ ఉనికి పరీక్ష

ఒక ఆబ్జెక్ట్‌లో ఫలానా ప్రాపర్టీ ఉందా లేదా అని తేల్చుకోవడం వెబ్ ప్రోగ్రామర్లకు నిత్యకృత్యం. అయినా 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రాసిన జావాస్క్రిప్ట్ తొలి రూపంలో దీనికంటూ సాధనం లేదు. 1997 జూన్‌లో వచ్చిన తొలి ఎక్మాస్క్రిప్ట్ ప్రమాణంలోనూ లేదు. విలువ అడిగి చూడటమే. లేకపోతే ‘అన్‌డిఫైన్డ్’ అని వచ్చేది.

ఇందులోని చిక్కు విజయవాడ ప్రకాశం బ్యారేజి లెక్కలతో ఇట్టే తెలుస్తుంది. 1957లో పూర్తయిన ఈ బ్యారేజికి 70 గేట్లు. ఒక ఆబ్జెక్ట్‌లో ‘మొత్తం గేట్లు’ 70, ‘ఎత్తిన గేట్లు’ 0 అని ఉన్నాయనుకుందాం. రెండోదాన్ని నేరుగా ‘ఇఫ్’లో పెడితే, సున్నాను జావాస్క్రిప్ట్ ‘ఫాల్స్’ కింద జమకడుతుంది. గేట్లన్నీ దించి ఉన్నాయన్న సమాచారం కాస్తా అసలు సమాచారమే లేదన్నట్టు తయారవుతుంది. వరద లేని రోజుల్లో ప్రతిసారీ ఇదే తంతు.

1999 డిసెంబరులో ప్రమాణం మూడో కూర్పు ‘ఇన్’ ఆపరేటర్‌నూ, ‘హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ’నీ తెచ్చింది. వీటి తేడా పొలం కాగితాలు చూసిన డెల్టా రైతుకు కొత్తేమీ కాదు: ఒకటి పిత్రార్జితాన్నీ కలిపి చూస్తుంది, రెండోది స్వార్జితాన్నే లెక్కిస్తుంది. ఖాళీ ఆబ్జెక్ట్‌లో ‘టుస్ట్రింగ్’ ఉందా అంటే ‘ఇన్’ ఉందంటుంది, రెండోది లేదంటుంది. అలాగని ‘ఇన్’ను తీసిపారేయకూడదు. బ్రౌజర్‌లో ‘జియోలొకేషన్’ సదుపాయం ఉందా అని ‘నావిగేటర్’ను అడగాలంటే అదే సరైనది, ఆ ప్రాపర్టీ ప్రోటోటైప్ (వారసత్వమిచ్చే మాతృ ఆబ్జెక్ట్) నుంచి సంక్రమించేదే.

విచిత్రమేమిటంటే, హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ కూడా వారసత్వంగా వచ్చిందే. 2009లో ‘ఆబ్జెక్ట్.క్రియేట్’ వచ్చాక ప్రోటోటైప్ లేని ఆబ్జెక్ట్‌లు తయారుచేయడం వీలైంది. వాటి మీద దాన్ని పిలిస్తే ఎర్రరే. అందుకని ‘ఆబ్జెక్ట్.ప్రోటోటైప్.హ్యాజ్‌ఓన్‌ప్రాపర్టీ.కాల్’ అనే చాంతాడు వాడుకలోకి వచ్చింది. 2019లో జేక్వెరీ, లోడాష్ లైబ్రరీలు సరిదిద్దుకున్న ‘ప్రోటోటైప్ పొల్యూషన్’ లోపాలు సొంత ప్రాపర్టీలనే లెక్కించే జాగ్రత్త ఎందుకో చూపించాయి: బయటివారు ప్రోటోటైప్‌లో ఏదైనా చొప్పిస్తే, దాని కింది ఆబ్జెక్ట్‌లన్నిటికీ అది సంక్రమిస్తుంది.

చివరికి 2022 ప్రమాణంలో ‘ఆబ్జెక్ట్.హ్యాజ్‌ఓన్’ చేరింది. ఇరవయ్యేళ్ల ముందే రావాల్సింది. కీలు (ప్రాపర్టీ పేర్లు) ముందుగా తెలియని చోట మాత్రం 2015లో వచ్చిన ‘మ్యాప్’ మేలు.

తెలుగు కీలు వాడేవారికి ఇంకో చిక్కుంది. ‘ఏలూరు కెనాల్’ అని టైప్ చేసి, చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పడితే, తెరమీద ఒకేలా ఉన్నా అది వేరే కీ అవుతుంది. పైన చెప్పిన పరీక్షలన్నీ లేదనే అంటాయి. ‘నార్మలైజ్’ ఆ గుర్తును తీసేయదు, పోల్చే ముందు విడిగా తొలగించాలి.