పాత ఫెరారీ, ఒక రబ్బరు పట్టీ

ఫెరారీ తొలినాటి 12 సిలిండర్ల ఇంజన్లలో కామ్‌షాఫ్టులను తిప్పినది ఉక్కు గొలుసు. 1973లో డీనో 308 జీటీ4, 365 జీటీ4 బీబీ కార్లతో దాని స్థానంలోకి పళ్ళ రబ్బరు బెల్టు వచ్చింది. చప్పుడు తగ్గింది. అయితే అరిగిన గొలుసు గలగలమని ముందే చెబుతుంది. బెల్టు మాటమాత్రం చెప్పకుండా తెగుతుంది. తెగిన మరుక్షణం పిస్టన్లు వెళ్ళి కవాటాలను ఢీకొంటాయి.

1994 నాటి ఎఫ్355లో ఆ బెల్టు మార్చాలంటే ఇంజన్‌నే కిందికి దించాలి. ఆ ఖర్చుకు జంకి, పని వాయిదా వేసి బండిని అమ్మజూపేవారు ఉంటారు మరి! 1999లో 360 మోడెనా వచ్చాక సీట్ల వెనుక మూత తీసి మార్చే వీలు కలిగింది. 2004లో ఎఫ్430తో మళ్ళీ గొలుసే.

కనుక 355 కొనదలచినవారు, ఎఱ్ఱరంగుకు మనసు పారేసుకోక మునుపే, బెల్టు మార్చిన తేదీ ఉన్న బిల్లు అడగాలి. ఓడోమీటరులో తక్కువ అంకె చూసి మురిసిపోరాదు. షెడ్డులో ఊరకే నిలిచిన బండిలోనూ రబ్బరు ముసలిదవుతుంది. సిలిండర్లలోకి గాలి ఎక్కించి ఎంత జారిపోతోందో కూడా కొలిపించాలి. ఈ మోడల్ తొలి బళ్ళలో కవాటాల గైడ్లు త్వరగా అరిగేవి. ఎగ్జాస్టు మానిఫోల్డుల పగుళ్ళు సరేసరి.