ఒక్క సంఖ్య - పెక్కు వ్రాతలు

పూర్వము తెలుగుదేశమున శాసనములు చెక్కించినవారు శకవర్షములను అంకెలతో గాక మాటలతో తెలుపుట కలదు. చంద్రుడన్న ఒకటి, నేత్రములన్న రెండు, వేదములన్న నాలుగు. అయితే ఈ మాటలను ఒకట్ల స్థానము మొదలుకొని లెక్కింపవలెను. ‘చంద్ర, నేత్ర’ అని వరుసగా వ్రాసియున్నచో అది పండ్రెండు కాదు, ఇరువది ఒకటి. ఈ నియమము తెలియనివాడు శాసనములోని ప్రతి అక్షరమును సరిగానే చదివియు సంవత్సరమును మాత్రము తప్పుగా లెక్కించును.

సంఖ్య వేరు, సంఖ్యను వ్రాయు తీరు వేరు. వ్రాతయే సంఖ్య యని భ్రమించినచో పొరపాటు తప్పదు. కంప్యూటరు నెట్‌వర్కులలో యంత్రములను గుర్తించుటకు ఏర్పడిన సంఖ్యల చరిత్ర ఈ సత్యమునే మరల మరల చాటుచున్నది.

సంఖ్య పుట్టుక

1973 మే నెలలో అమెరికాలోని జిరాక్స్ సంస్థకు చెందిన పాలో ఆల్టో పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్ ఒక పద్ధతిని సూచించెను. ఒకే కేబులుకు పెక్కు కంప్యూటర్లను తగిలించి, అవి ఒకదానితో నొకటి సమాచారము పంచుకొనునట్లు చేయుట ఆ పద్ధతి. దానికి ‘ఈథర్‌నెట్’ అని పేరు. మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ అనువారు దానిని నిర్మించి, 1976లో ప్రకటించిన వ్యాసమున వివరించిరి.

కేబులు అందరికిని ఉమ్మడి. కావున పంపిన సమాచారము ఎవరికి ఉద్దేశింపబడినదో తెలుపుటకు ప్రతి యంత్రమునకు ఒక సంఖ్య కావలెను. తొలి ఈథర్‌నెట్‌లో ఈ సంఖ్యకు 8 బిట్లు మాత్రమే కేటాయించిరి. బిట్టు అనగా సున్న గాని ఒకటి గాని కాగల చిహ్నము. 8 బిట్లతో 256 సంఖ్యలు మాత్రమే ఏర్పడును. ఒక కేబులుకు ఇవి చాలును. కాని యంత్రమును ఒక కేబులు నుండి మరియొక కేబులునకు మార్చినపుడు, అచట ఆ సంఖ్య అప్పటికే వేరొక యంత్రమునకు ఉండవచ్చును. ఒక తరగతిలోని 5వ నంబరు విద్యార్థి మరియొక తరగతికి పోయినచో అచట మరియొక 5వ నంబరువాడు ఉండునట్లే ఇదియును.

ఈ చిక్కును తీర్చుటకు జిరాక్స్ సంస్థకు చెందిన యోగేన్ దలాల్, రాబర్ట్ ప్రింటిస్ అనువారు 1981లో ఒక వ్యాసము ప్రకటించిరి. వీరిలో దలాల్ బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి, పిదప స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిన భారతీయుడు. యంత్రము ఎచట నున్నను, లోకములో మరియే యంత్రమునకును లేని సంఖ్యను తయారీలోనే దానికి ఈయవలెనని వారి వాదము. అందుకు 48 బిట్లను నిర్ణయించిరి. 1980 సెప్టెంబరులో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ సంస్థలు కలిసి వెలువరించిన ఈథర్‌నెట్ నిర్దేశమున ఈ 48 బిట్ల సంఖ్యయే చోటుచేసికొన్నది. 48 బిట్లతో ఏర్పడు సంఖ్యలు సుమారు 281 లక్షల కోట్లు.

మొదటి 24 బిట్లు తయారీదారునకు కేటాయింపబడును; మిగిలిన 24 బిట్లను తయారీదారుడు తన యంత్రములకు వరుసగా పంచును. తొలుత జిరాక్స్ సంస్థయే ఈ కేటాయింపు చేసెడిది. తరువాత ఆ పని ఐ.ఇ.ఇ.ఇ. అను ఇంజనీర్ల సంస్థకు సంక్రమించినది. ఈ సంఖ్యకే ‘మ్యాక్ చిరునామా’ అని పేరు.

వ్రాతలోని భేదములు

48 సున్నలను, ఒకట్లను వ్రాయుట కష్టము. కాబట్టి నాలుగేసి బిట్లను ఒక గుర్తుగా వ్రాయుదురు. నాలుగు బిట్లకు 16 విలువలు. వానిలో 0 నుండి 9 వరకు అంకెలను, 10 నుండి 15 వరకు ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అను ఇంగ్లీషు అక్షరములను వాడుదురు. ఇది షోడశాంశ పద్ధతి. ఈ పద్ధతిలో మ్యాక్ చిరునామా 12 గుర్తులతో ముగియును. రెండేసి గుర్తులు, అనగా ఎనిమిదేసి బిట్లు కలిసి ఒక ఆక్టెట్టు. చిరునామాలో ఆరు ఆక్టెట్లు.

ఇంతవరకు అందరిదీ ఒకే మాట. ఈ 12 గుర్తులను విడదీసి వ్రాయుటలో మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క దారి పట్టిరి. ఒకే చిరునామా ఈ క్రింది రీతులలో కనబడును:

00-10-ఏ4-23-19-సి0
00:10:ఏ4:23:19:సి0
0010.ఏ423.19సి0
0010ఏ4-2319సి0
0010ఏ42319సి0

మొదటిది ఐ.ఇ.ఇ.ఇ. ప్రమాణమునందలి రీతి. రెండవది యూనిక్సు కంప్యూటర్లలో వ్యాపించినది. మూడవది సిస్కో సంస్థ పరికరములలో కనబడును. ఇవికాక ఇంగ్లీషు అక్షరములను కొందరు పెద్దబడిలోను, కొందరు చిన్నబడిలోను వ్రాయుదురు. సన్ సంస్థ కంప్యూటర్లలో ఆక్టెట్టునకు ముందున్న సున్నను విడిచి, 00 అనుచోట 0 అని మాత్రమే చూపుట పరిపాటి.

అన్నిటికంటె లోతైన భేదము మరియొకటి కలదు. ఈథర్‌నెట్ ప్రతి ఆక్టెట్టులోను చిన్న విలువగల బిట్టును ముందుగా పంపును. 1985లో ఐ.బి.ఎం. విడుదల చేసిన టోకెన్ రింగ్ పద్ధతి పెద్ద విలువగల బిట్టును ముందుగా పంపును. శాసనములలోని మాటల సంఖ్యలకును, మన అంకెలకును గల భేదమే ఇది. ఏ4 అను ఆక్టెట్టును తీసికొందము. దాని బిట్లు 10100100, విలువ 164. అవే బిట్లను వెనుకనుండి చదివినచో 00100101. అనగా షోడశాంశ పద్ధతిలో 25, మన లెక్కలో 37. ఈ విధముగా తిరుగవేసినచో పై చిరునామా 00:08:25:సి4:98:03 అగును. ఇట్లు తిరుగవేసిన వ్రాతకు కోలనును, తిన్నని వ్రాతకు అడ్డగీతను వాడవలెనని ఐ.ఇ.ఇ.ఇ. నిర్ణయించినది. కాని యూనిక్సువారు అప్పటికే తిన్నని వ్రాతకు కోలనును వాడుచుండిరి. ఇట్లు ఒకే చిహ్నమునకు రెండర్థములు ఏర్పడినవి.

ద్వారపాలకుడు

యంత్రమునకు వ్రాతతో పనిలేదు. అది బిట్లనే పంపును, బిట్లనే పోల్చును. చిరునామా అక్షరములుగా మారి మరియొక యంత్రమునకు చేరినప్పుడే చిక్కు మొదలగును. అట్టి సందర్భము 1990ల నాటి టెలిఫోనుల వలన కలిగినది.

ఆ రోజులలో ఇంటినుండి నెట్‌వర్కులో చేరగోరువారు మోడెము ద్వారా ఫోను చేసెడివారు. ప్రవేశద్వారములు పలుచోట్ల నుండెడివి. ప్రతి ద్వారమున అందరి పేర్లు, రహస్యపదములు ఉంచుట కష్టము. 1991లో మిచిగన్‌లోని మెరిట్ సంస్థ దీనికి ఉపాయము కోరగా, లివింగ్‌స్టన్ అను సంస్థ ‘రేడియస్’ అను పద్ధతిని రూపొందించినది. ద్వారముననున్న పరికరము వచ్చినవాని వివరములను ఒక కేంద్ర సర్వరునకు పంపును. సర్వరు తన పట్టికను చూచి ‘రానిమ్ము’ అనియో ‘వలదు’ అనియో బదులిచ్చును. ఈ పద్ధతి 1997లో ఇంటర్నెట్ నిర్దేశపత్రముగ ప్రకటింపబడినది. 2000 జూన్ నాటి ఆర్.ఎఫ్.సి. 2865 దాని ప్రమాణరూపము.

రేడియస్ సందేశములోని గడులకు సంఖ్యలు కలవు. 31వ గడి, ఫోను చేసినవాని నంబరునకు ఉద్దేశింపబడినది. ఈ గడిలోని వ్రాత ఏ రూపమున నుండవలెనో ప్రమాణము నిర్ణయింపలేదు. దానిని ఆయా స్థలముల అవసరమునకు విడిచిపెట్టినది. ఫోను నంబర్లు దేశదేశమునకు భేదించును గనుక ఆ నిర్ణయము నాడు సమంజసమే.

కాలము మారినది. మోడెములు పోయి స్విచ్చులును, వైఫై కేంద్రములును వచ్చినవి. 2001లో 802.1ఎక్స్ అను ప్రవేశ నియమము ఏర్పడినది. ఫోను లేని యంత్రమునకు 31వ గడిలో ఏమి వ్రాయవలెను? మ్యాక్ చిరునామా వ్రాయసాగిరి. ఒక్కొక్క తయారీదారు తనకు అలవాటైన రీతిలో వ్రాసెను. 2003 సెప్టెంబరులో ఆర్.ఎఫ్.సి. 3580 పెద్దబడి అక్షరములతో, అడ్డగీతలతో వ్రాయుడని సలహా ఇచ్చినది. అది సలహాయే గాని శాసనము కాదు. అప్పటికే పరికరములు లోకమంతట వ్యాపించియున్నవి.

హాని ఎట్లు కలుగును

అచ్చుయంత్రము, కెమెరా, ఆసుపత్రిలోని కొలత పరికరము వంటివానికి పేరు, రహస్యపదము చెప్పు శక్తి లేకపోవచ్చును. అట్టివాని విషయమున స్విచ్చు దాని మ్యాక్ చిరునామానే పేరుగాను, రహస్యపదముగాను సర్వరునకు పంపుట ఆచారము. సర్వరు ఆ వ్రాతను తన పట్టికలోని వ్రాతతో అక్షరమక్షరముగా పోల్చును. కంప్యూటరు సంకేతావళిలో అడ్డగీత 45వది, కోలను 58వది. పెద్దబడి ఏ 65వది, చిన్నబడి ఏ 97వది. మనకు ఒకటిగా తోచునవి దానికి వేరువేరు.

పట్టిక ఒక రీతిలో నుండి స్విచ్చు మరియొక రీతిలో పంపినచో, అర్హమైన పరికరము వెలుపల నిలిచిపోవును. పాత స్విచ్చును తీసి వేరొక తయారీదారుని స్విచ్చును అమర్చిన మరునాడు పనిచేయుచున్న పరికరములన్నియు ఒక్కసారి ఆగిపోవుటకు ఇదియొక కారణము. ఈ తప్పు వెంటనే బయటపడును. నిషేధపట్టికలోని తప్పు అంతకంటె ప్రమాదకరము. దొంగిలింపబడిన యంత్రమును రానీయవలదని కోలనులతో వ్రాసియుండగా, స్విచ్చు అడ్డగీతలతో పంపినచో సర్వరునకు పోలిక కనబడదు. యంత్రము నిరాటంకముగ లోనికి వచ్చును. ఎవ్వరును ఫిర్యాదు చేయరు కాబట్టి ఆ తప్పు చాలకాలము దాగియుండును.

సరిదిద్దు విధానము

ప్రతి పోలికయందును అన్ని రీతులను వెదకుట కంటె, సందేశము సర్వరు ముంగిట అడుగిడగనే చిరునామాను ఒకే రీతికి మార్చుట మేలు. పట్టికలును ఆ రీతిలోనే యుండవలెను. 1999లో ఆరంభమైన ఫ్రీరేడియస్ అను ఉచిత సర్వరుతో వచ్చు నియమములలో ఇందుకై ఒక ప్రత్యేక భాగమే కలదు. అది రెండేసి షోడశాంశ గుర్తులు ఆరుసార్లు వచ్చునా యని చూచి, నడిమి చిహ్నములను విడిచి, ఒకే తీరున మరల కూర్చును.

ఈ పని పైకి సులభముగ తోచినను మూడు జాగ్రత్తలు అవసరము.

మొదటిది సున్నల విషయము. ముందు సున్నలను విడిచిన వ్రాతలో 1:12 అను జంటయు, 11:2 అను జంటయు వేరువేరు ఆక్టెట్లు. నడిమి కోలనును తొలగించినచో రెండును 112 అగును. కావున మొదట సున్నలను పూరించి, పిదపనే చిహ్నములను తొలగింపవలెను. క్రమము తప్పినచో పోయిన సమాచారము మరల రాదు.

రెండవది ఫోను నంబర్ల విషయము. 31వ గడిలో నేటికిని ఫోను నంబరు రావచ్చును. మన దేశపు సంకేతము 91. దానిపై పది అంకెలు చేర్చిన మొత్తము 12. అంకెలన్నియు షోడశాంశ గుర్తులే. అజాగ్రత్తగా వ్రాసిన నియమము భారతీయ ఫోను నంబరును మ్యాక్ చిరునామాగా భావించి ఆరు ముక్కలు చేయును! అయితే ఇచట ఒక విశేషము కలదు. మొదటి ఆక్టెట్టులోని అతి చిన్న బిట్టు ఒకటి అయినచో, ఆ చిరునామా పలు యంత్రముల సమూహమునకు చెందినది. ఒంటరి యంత్రమునకు అట్టిది ఉండదు. షోడశాంశ 91 అనగా 10010001. దాని చివరి బిట్టు ఒకటి. కాబట్టి 91తో మొదలగునది యంత్రపు చిరునామా కానేరదు. కాని 44 సంకేతముగల బ్రిటను నంబర్లకు ఈ పరీక్ష పనికిరాదు. అందుచే వచ్చిన ద్వారము ఎట్టిదో తెలుపు 61వ గడిని చూచుట క్షేమము. అందులో 15 అన్న ఈథర్‌నెట్, 19 అన్న వైఫై.

మూడవది రహస్యపదము. కొన్ని స్విచ్చులు రహస్యపదమును ఉన్నదున్నట్లు పంపక, దానినుండి గణించిన ముద్రను పంపును. ఆ ముద్ర స్విచ్చు వ్రాసిన రీతినుండియే పుట్టినది. పేరును మాత్రము సవరించి, సవరించిన పేరుతో ముద్రను సరిచూచినచో పొసగదు. కాబట్టి వచ్చిన వ్రాతను అట్లే భద్రపరచి, సవరించిన ప్రతిని వేరుగా ఉంచుకొనవలెను. ప్రాచీన ప్రతులను పరిష్కరించు పండితులు మూలపాఠమును చెరపక పాఠాంతరముగా చూపుట వంటిదే ఇది.

నేటి స్థితి

వ్రాతలను ఎంత చక్కజేసినను మ్యాక్ చిరునామా రహస్యము కాదు. ఎవరైనను తమ యంత్రమునకు మరియొక చిరునామాను తగిలింపగలరు. పైగా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐ.ఓ.ఎస్. 14 మొదలుకొని చేతిఫోనులు, తమ జాడ తెలియకుండుటకై, ఒక్కొక్క నెట్‌వర్కునకు ఒక్కొక్క కల్పిత చిరునామాను చూపుచున్నవి. ఇట్టివానిలో రెండవ గుర్తు 2, 6, ఏ, ఇ అనువానిలో ఒకటిగా నుండును. జీవితాంతము ఒకే సంఖ్య యను దలాల్, ప్రింటిస్‌ల ఆశయము ఫోనుల విషయమున ఈ విధముగా సడలినది. అచ్చుయంత్రముల వంటి మూగ పరికరములకు మాత్రము పాత పద్ధతియే ఆధారము.

ఈ చరిత్రలో బుద్ధిహీనులెవ్వరును లేరు. అడ్డగీత వ్రాసినవాడును, కోలను వ్రాసినవాడును, ఫోను నంబరు గడికి రూపము నిర్ణయింపక విడిచినవాడును తమ కాలమునకు తగినట్లే చేసిరి. వారి పనులన్నియు ఒకచోట కలిసినప్పుడు గాని దోషము కనబడలేదు. విద్యార్థులు తమ పాఠశాలలోని కంప్యూటరు చిరునామాను చూచి, దానిని అయిదు రీతులలో వ్రాసి, బిట్లుగా విడదీసి తిరుగవేసి చూచినచో, సంఖ్యకును దాని వ్రాతకును గల భేదము వారికి చక్కగా బోధపడును.